పదకొండో గుంత

వరద పాత వంతెనను ఎత్తుకుపోయి రెండు చలికాలాలు గడిచాయి. కొత్తది కట్టేముందు, దాని కాళ్ళు దిగే చోట మట్టికింద ఎవరి ఆనవాళ్ళున్నాయో తవ్వి చూడాలని చట్టం. పైవాళ్ళకు చచ్చినవాళ్ళ మీద ఉన్న శ్రద్ధ బతికున్నవాళ్ళ మీద ఎప్పుడూ లేదు. మంగాటీటీ ఏటిగట్టున తవ్వుతున్నది కర్స్టీ, పాత ఆనవాళ్ళ చదువులో డాక్టరు పట్టా ఉన్న తెల్లమ్మాయి. తెగ తరఫున సాక్షిగా పక్కన నిలబడి గుంతకో సంతకం పెడుతున్నది హేనారె, నలభై ఏడేళ్ళవాడు, శుక్రవారం విమానం ఎక్కాల్సినవాడు. పది గుంతలు అయిపోయాయి. పదకొండో గుంతకు గుర్తుగా కొట్టిన మేకు మీద అతని పెద్దమ్మ మెరెయానా మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ రోజు బుధవారం.

"...సున్నా నాలుగు, మూడు ఒకటి, చివర రెండు ఏడులు. రాసుకున్నావా డాక్టరమ్మా?"

"రాసుకున్నా. ఇది ఆస్ట్రేలియా నంబరా హేనారె గారూ?"

"ఆస్ట్రేలియాదే. శుక్రవారం నుంచి నాకు ఇదే. పాతది తీసేస్తున్నా. నీ రిపోర్టులో నా సంతకం ఎక్కడైనా తక్కువైతే దీనికి చెయ్యి. ఇనప గనిలో దిగి ఉంటే మాత్రం ఎత్తను."

"పాతది తీసేయడమెందుకు? ఉంచుకోవచ్చుగా."

"ఉంచుకుంటే ఎవరు చేస్తారు? పెద్దమ్మ తప్ప. ఆవిడ కూడా గొర్రె తప్పిపోతేనే చేస్తుంది."

"గొర్రె తప్పిపోతే వెతకడానికి చేస్తా. నువ్వు తప్పిపోతే ఎవరికి చెయ్యను?"

"అదీ సంగతి. ఇక లే పెద్దమ్మా."

"లేవను."

"ఎందుకు లేవవు?"

"ఇక్కడ ఎండ బాగుంది. మోకాళ్ళకి మంచిది."

"ఎండ ఏటిగట్టంతా ఉంది."

"అక్కడి ఎండ వేరు."

"పెద్దమ్మగారూ, ఒక్క గంట చాలు నాకు. మీటరు పొడుగు, మీటరు వెడల్పు. పైన గడ్డి కూడా చాపలా చుట్టి పెట్టి, పనయ్యాక మళ్ళీ పరిచేస్తా. మీరు ఇటు నాలుగడుగులు జరిగితే..."

"నీకు పెళ్ళయిందా అమ్మాయ్?"

"లేదండీ."

"చూశావా. ఇట్లా బురదలో మోకాళ్ళ మీద పాకుతుంటే ఎవడు చూస్తాడు?"

"మాట మార్చకు పెద్దమ్మా. ఎప్పుడు లేస్తావో చెప్పు."

"శుక్రవారం సాయంత్రం."

"నా విమానం శుక్రవారం పొద్దున."

"నీ విమానం నీది, నా సాయంత్రం నాది."

"ఈ గుంత కాగితం మీద సంతకం పెడితేగాని నన్ను వదలరు. నన్ను వదిలితేగాని నేను విమానం ఎక్కలేను. అటు గనివాళ్ళు సోమవారం పనిలో చేరకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. ఇదంతా నీ కుర్చీ కింద ఉంది."

"నా కుర్చీ కింద గడ్డి ఉంది."

"డాక్టరమ్మా, పక్కన తవ్వెయ్. ఆవిడ కింద ఉన్న మట్టీ, పక్కనున్న మట్టీ అన్నదమ్ములే."

"కుదరదండీ. వంతెన కాలు దిగేది సరిగ్గా మేకు దగ్గర. మేకు ఎక్కడో గుంత అక్కడే."

"మేకు ఎక్కడుంది?"

"పెద్దమ్మగారి కుర్చీ కాళ్ళ మధ్యలో."

"సరే. పదో గుంత కాగితమన్నా పూర్తి చేద్దాం, ఈలోపు ఆవిడకి ఎండ సరిపోవచ్చు. చదువు."

"'గుంతలో దొరికినవి.' గొర్రె దవడ ఒకటి, కంచె తీగ కొంచెం, గుర్రపు నాడా ఒకటి."

"నాడా పాతదే కదా. బాగా తుప్పు పట్టింది."

"పాతదే, కానీ లెక్కలోకి రాదు. చట్టం ప్రకారం పందొమ్మిది వందల సంవత్సరానికి ముందుదైతేనే పురాతనం. ఇది ఆ తర్వాతది."

"అంటే పందొమ్మిది వందల ఒకటిలో పోయిన మా ముత్తాత?"

"ఆయన... చట్టం ప్రకారం ఆయన పురాతనం కాదు."

"విన్నావా పెద్దమ్మా. ముత్తాత రెండేళ్ళు తొందరపడి ఉంటే ఇవాళ ఆయనకి గౌరవం దక్కేది."

"ఆయన ఏ పనికీ తొందరపడే రకం కాదు. నీకూ అదే వచ్చింది."

"నాకు తొందరే. శుక్రవారం."

"చట్టం నేను రాయలేదు హేనారె గారూ."

"నువ్వు రాయలేదు, నేనూ రాయలేదు. రాసినవాడు ఈ ఏరు చూసుండడు. తర్వాత?"

"'తెగకు ముఖ్యమైనది ఏదైనా ఉందా?'"

"లేదు."

"'ఈ చోటుతో సంబంధం ఉన్న మనిషి పేరు, ఫోన్ నంబరు.'"

"గీత పెట్టు."

"పది గుంతలకీ గీతే పెట్టించారు."

"మనిషి లేనప్పుడు పేరు ఎక్కణ్ణుంచి తెస్తాను?"

"మీరున్నారుగా. మీ ఊరేగా ఇది?"

"నాకా? నాకు సంబంధమా? నీకు మావి సంగతి తెలుసా డాక్టరమ్మా?"

"బిడ్డ పుట్టాక పడే మావేనా? మీవాళ్ళు దాన్ని సొంత నేలలో పాతిపెట్టి పైన మొక్క నాటుతారు. చదివాను."

"నువ్వు చదివావు, నేను చూశాను. అదిగో, మా తెగంతా కూడే ఆ సభా ఇంటి వెనక కొండ కనపడుతోందా? దాని నిండా మనూకా చెట్లు. ఒక్కో చెట్టుకీ ఒక్కో వెధవ ఉన్నాడు."

"నోరు. నీ అన్నదమ్ములు వాళ్ళు."

"అన్నదమ్ములే. మా మామయ్య కొడుకు హోహెపా చెట్టు వంకర. వాడూ వంకరే."

"దాన్ని చిన్నప్పుడు ఆవు కొరికింది."

"వాణ్ణి కూడా కొరికుంటే బాగుండేది."

"అమ్మాయ్, ఆ జల్లెడలో పడ్డ రాయేంటో చూడు, పచ్చగా ఉంది."

"మామూలు ఏటి రాయేనండీ. హేనారె గారూ, మరి మీ చెట్టు?"

"నాకు చెట్టు లేదు. నేను పట్నంలో పుట్టా, పెద్దాసుపత్రిలో. అక్కడ మావి తీసుకెళ్ళి కొలిమిలో వేసి కాల్చేస్తారు. నా చోటు పొగగొట్టంలోంచి పైకి పోయింది. ఆరేళ్ళప్పుడు అమ్మ పోతే పెద్దమ్మ నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది. బడిలో నా పేరేంటో తెలుసా? పొగగొట్టం."

"ఆ పేరు పెట్టినవాడి చెవి నేను మెలేశాను."

"చెవి మెలేశావు, పేరు మిగిలింది. పద్నాలుగో ఏట బడి మానేసి, ఉన్ని కత్తిరించే ముఠాతో పోయా. ఇక్కడి గొర్రెలూ అక్కడి గొర్రెలూ అయ్యాక, వరదొచ్చిందని తిరిగొచ్చా. ఈవిడ ఇంట్లో నడుము లోతు బురద. రెండేళ్ళు ఎత్తాను."

"రెండు నెలలు ఎత్తావు. మిగతా టైమంతా వెళ్ళిపోతా వెళ్ళిపోతా అన్నావు."

"అనేలా చేశారు. వంతెన గురించి సభ పెట్టారు డాక్టరమ్మా. నేనూ లేచి నిలబడ్డా. నోరు తెరిచానో లేదో, హోహెపా వెనక నుంచి, 'ముందు నీ చోటు ఏదో చెప్పి మాట్లాడు' అన్నాడు. మా పద్ధతి అది. నేను ఫలానా చోటివాణ్ణి అని చెప్పుకోవాలి, ఆ తర్వాతే మాట. నాకు చెప్పుకోవడానికి ఏముంది? ఆసుపత్రి, మూడో అంతస్తు?"

"మరేం చేశారు?"

"కూర్చున్నా."

"ఎండ జరిగిపోతోంది."

"నువ్వూ దాంతోపాటు జరుగు మరి పెద్దమ్మా."

"కొంచెం తలొంచుకుంటే నాకు సరిపోతుంది."

"ఇంత జరిగితే మళ్ళీ సాక్షిగా మిమ్మల్నే ఎందుకు పెట్టారండీ?"

"చెట్లున్న వాళ్ళందరికీ పనులున్నాయి. చలిలో పది రోజులు గుంత పక్కన నిలబడే ఓపిక, పోవడానికి ఇంకో చోటు లేనివాడికే ఉంటుంది."

"పన్నెండయినట్టుంది. నేను తినొస్తా. ట్రక్కులో వేపుడు రొట్టెలున్నాయి. మీరిద్దరూ కూడా రండి."

"మాకు ఆకలి లేదు."

"నాకుందండీ..."

"లేదు డాక్టరమ్మా. నీకూ లేదు. నువ్వెళ్ళి తిను పెద్దమ్మా, నిదానంగా తిను. బాగా నమిలి తిను."

"కుర్చీ ముట్టుకోకండి."

"ముట్టుకోం."

"ఒట్టు?"

"వెళ్ళు పెద్దమ్మా."

*

"...వెళ్ళిందా?"

"రోడ్డు దాకా వెళ్ళారు. ట్రక్కు తలుపు తీస్తున్నారు. హేనారె గారూ, కుర్చీ ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"గడ్డి మీద ఆరేస్తున్నా. పార ఇటివ్వు."

"ముట్టుకోం అని చెప్పారుగా."

"ఒట్టు వెయ్యలేదుగా. ఇదిగో, ముందు కాగితం పని చూడు. 'తెగకు ముఖ్యమైనది' లేదు. 'మనిషి' గీత. సంతకం. అయిపోయింది."

"తవ్వకముందే సంతకమా?"

"పది గుంతల్లో లేనిది పదకొండో దాంట్లో ఉంటుందా? నీకు గంట కలిసొచ్చింది, సంతోషించు."

"ఆవిడ ఒప్పుకోకుండా నేను తవ్వను."

"నువ్వు తవ్వొద్దు. తెగ సాక్షిని నేను. నాకు నేనే అనుమతి ఇచ్చుకున్నా, నేనే తవ్వుతున్నా."

"అయితే పార వద్దు. తాపీ తీసుకోండి. పొర పొరగా గీకాలి. అట్లా కాదు, ఇట్లా... ఇటివ్వండి, నేనే గీకుతా. మీరు గోడ కూల్చేస్తున్నారు."

"చూశావా, నువ్వే తవ్వుతున్నావు."

"ఒక మాట అడగనా? పొద్దున నేను పెద్దమ్మగారికి ఫ్లాస్కులో టీ పోసిచ్చాను. ఇక్కడ తాగలేదు. కప్పు పట్టుకుని రోడ్డు దాకా నడిచి, అక్కడ తాగి వచ్చారు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి."

"చాదస్తం."

"రొట్టెలు కూడా ట్రక్కులోనే ఉంచారు. ఇక్కడికి తిండి తీసుకురావట్లేదు. నిన్నా అంతే. తిండి తీసుకురాకూడని చోటు అంటే, మీవాళ్ళలో అది పవిత్రమైన..."

"డాక్టరమ్మా."

"అండీ."

"మావాళ్ళ గురించి నాకు చెబుతున్నావా?"

"చెప్పట్లేదు, అడుగుతున్నా."

"గట్టి నేల అని, మంచి గాలి అని కూర్చుంది. పెద్ద రహస్యమేం లేదు. నువ్వు గీకు."

"మీ నోట్లో ఏంటి?"

"పొద్దుటి రొట్టె. జేబులో మిగిలింది. సగం కావాలా?"

"వద్దు. ఆగండి."

"వద్దంటే సరే, ఆగడమెందుకు?"

"కాదు, ఇక్కడ మట్టి రంగు మారింది. చుట్టూ పసుపు, మధ్యలో నల్లగా. ఇది తవ్వి పూడ్చిన గుంత. ఎప్పుడో ఎవరో తవ్వారు."

"గొర్రెని పాతి ఉంటారు. మళ్ళీ ఇంకో దవడ."

"గొర్రెకి ఇంత చిన్నది సరిపోదు. అన్నం గిన్నె అంత ఉంది. చుట్టూ రాళ్ళు పేర్చారు చూడండి. ఒకటి, రెండు... ఏడు. ఏరు తెచ్చి పడేసిన రాళ్ళు కావివి. ఏరి తెచ్చి వరసగా పెట్టారు."

"తొందరగా కానివ్వు. ఆవిడ రెండో రొట్టెలో ఉంటుంది."

"తెల్లగా ఏదో..."

"ఎముకా? డాక్టరమ్మా, ఎముక అనకు. ఎముక అంటే పోలీసులు, తెగ పెద్దలు, ప్రార్థనలు, నా విమానం..."

"ఎముక కాదు."

"బతికించావు. ఏంటి మరి?"

"ప్లాస్టిక్."

"ఏదీ... ఓహో. ఓహోహో. మూత మీద బొమ్మ చూడు. హోకీపోకీ. ఐస్‌క్రీం డబ్బా."

"నవ్వకండి, చెయ్యి కదిలిపోతోంది."

"నవ్వకుండా ఎట్లా? పదకొండు గుంతలు, పది రోజులు, ప్రభుత్వం పంపిన డాక్టరు, చివరికి దొరికిన నిధి రెండు లీటర్ల హోకీపోకీ. రాసుకో. మా పూర్వీకులు తీపి ఇష్టపడేవారు అని రాసుకో."

"ఈ రకం మూత డెబ్భైల చివర్లో వచ్చేది. మా అమ్మమ్మ వీటిలో గుండీలు దాచేది."

"చట్టానికి ఎన్నేళ్ళు తక్కువ?"

"డెబ్భై ఏడో, ఎనిమిదో."

"అయితే చెత్త. సంచిలో వెయ్యి. పూడ్చు. గడ్డి పరిచెయ్. కుర్చీ నేను తెస్తా."

"అడుగున చిల్లులున్నాయి. మేకుతో పొడిచినట్టు, వరసగా. లోపలంతా మట్టే, కానీ బయటి మట్టిలా లేదు, మెత్తగా నల్లగా... హేనారె గారూ, ఖాళీ ఐస్‌క్రీం డబ్బాకి చిల్లులు పొడిచి, చుట్టూ రాళ్ళు పేర్చి ఎవరైనా పాతిపెడతారా?"

"దొంగతనంగా తిన్నవాడు పాతిపెడతాడు. సంచి ఇటు, నేనే వేస్తా. అదిగో, పడింది. ఇక... వచ్చేస్తోంది. పూడ్చు, పూడ్చు."

"ఎక్కడ పూడుస్తాను, ఇంత గుంత?"

*

"ఒరే."

"పెద్దమ్మా, చూడు, నేను చెప్పింది..."

"నోట్లో ఏముంది?"

"రొట్టె."

"ఉమ్ము."

"ఇంకొంచెమే ఉంది..."

"ఉమ్మమన్నానా. అక్కడ కాదు, అక్కడ కాదురా. అటు రోడ్డు దాకా పోయి ఉమ్మి, చేతులు కడుక్కుని రా."

"రోడ్డు దాకానా?"

"ఫో."

"...అమ్మాయ్."

"పెద్దమ్మగారూ, నేను వద్దన్నాను. కానీ తర్వాత నేనే తవ్వాను. తప్పు నాదే."

"ఏం దొరికింది?"

"ఐస్‌క్రీం డబ్బా."

"ఎక్కడుంది?"

"చెత్త సంచిలో వేశారు ఆయన."

"వాడే వేశాడా?"

"ఆయనే."

"వాడి చేత్తోనే వేశాడు. సరే. తియ్యమ్మా. రెండు చేతుల్తో తియ్యి. వంచకుండా తియ్యి. రాళ్ళు ఎన్నున్నాయి?"

"ఏడు."

"ఏడూ ఉన్నాయా. మంచి రాళ్ళు."

"పెద్దమ్మగారూ, ఇది మీరు..."

"వాడొస్తున్నాడు, ఉండు."

"కడుక్కున్నా. సబ్బు లేదు. ఇప్పుడు చెప్పు, ఎందుకింత గొడవ? ఐస్‌క్రీం డబ్బా పెద్దమ్మా అది. ఎవడో తిని పారేశాడు."

"ఎవడో కాదు, మీ అమ్మ."

"ఏంటి?"

"తిన్నది మీ అమ్మ కిరి. పారేయలేదు. ఆసుపత్రి మంచం మీద కూర్చుని రెండు లీటర్లూ ఒక్కతే తినేసింది. నిన్ను కన్న ఆకలి మరి. నేను నాలుగు చెంచాలు అడిగితే, ఇవ్వలేదు కూడా."

"పెద్దమ్మా."

"నాకు డబ్బా కావాలని కొన్నా. ఊరికే డబ్బా అడిగితే నర్సు ఎందుకని అడుగుతుంది. ఐస్‌క్రీం అయితే ఎవరూ అడగరు."

"డబ్బా ఎందుకు నీకు?"

"అమ్మాయ్, ఆ మూత తిరగేసి చూడు. లోపలివైపు. మట్టి తుడువు. మేకుతో గీశాను."

"ఏవో అక్షరాలున్నాయి... హే... నా... రె. హేనారె గారూ, మీ పేరు."

"ఏదీ, ఇటు తిప్పు."

"కింద ఏదో తేదీ కూడా..."

"వాడు పుట్టిన రోజే. చదవక్కర్లేదు, వాడికి తెలుసు."

"కాల్చేశారు. ఆసుపత్రిలో కాల్చేస్తారు. అందరూ చెప్పారు."

"అందరూ చెప్పారు. నేను చెప్పానా? నువ్వెప్పుడైనా నన్ను అడిగావా? పొగగొట్టంలోంచి పోయిందని నీకు నువ్వే తేల్చుకుని నలభై ఏళ్ళు మోస్తున్నావు."

"నువ్వు తెచ్చావా? ఇక్కడికి?"

"తొమ్మిది గంటలు బస్సులో. ఒళ్ళో పెట్టుకుని. పక్క సీట్లో ఒక పిల్లది దారంతా ఏడుపు, అవ్వా, నాకూ హోకీపోకీ పెట్టవా అని. అప్పుడు నాకు ముప్ఫై ఒకటి, నన్ను అవ్వా అంది. కరిగిపోయిందమ్మా అని చెప్పా."

"మరి కొండ మీద ఎందుకు పెట్టలేదు? అందరివీ ఉన్న చోట?"

"మీ తాత ఒప్పుకోలేదు. మీ నాన్నది అవతలి తెగ కదా. వాళ్ళవాడి బిడ్డ మావి నా కొండ మీద పాతితే తవ్వి ఏట్లో పారేస్తా అన్నాడు."

"ఆ పాత యుద్ధం గురించా?"

"యుద్ధం జరిగి నూట యాభై ఏళ్ళు. రగ్బీలో వాళ్ళు మనల్ని ఓడించి అప్పటికి ఏడాది. మీ తాతకి రెండోదే ఎక్కువ మంట."

"రగ్బీ కోసం."

"చివరి నిమిషంలో ఓడించారు మరి. నేను బస్సు దిగింది ఇక్కడే, పాత వంతెన మొదట్లో. అటు కొండ మీదికి పోనివ్వడు, ఇటు పట్నానికి తిరిగి బస్సు లేదు. ఈ మెరక మీదికి వరద రాదని మా నాయనమ్మ అనేది. ఇక్కడే పెట్టా. డబ్బాతో పెట్టకూడదని నాకూ తెలుసు. కుక్కలు తవ్వుతాయని భయం. అందుకే డబ్బా వదల్లేదు, చిల్లులు పొడిచా, మట్టి మట్టితో కలవాలని."

"తాత పోయాకైనా చెప్పొచ్చుగా."

"చెప్పబోయా. ఆయన శవం సభా ఇంట్లో ఉండగానే హోహెపా ముక్కు పగలగొట్టి పోయావు. ముప్ఫై ఏళ్ళకి వచ్చావు."

"రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నాను."

"ఉన్నావు. రోజూ పోతానంటూ ఉన్నావు. మొన్న ఈ అమ్మాయి మేకు దిగ్గొడుతుంటే చూశా, సరిగ్గా నెత్తిన. ఏం చెయ్యమంటావు? అప్పుడు చెబితే ఏమనేవాడివి? విమానం టికెట్టు కొన్నాక కాలికి తాడు కట్టింది ముసల్ది అనేవాడివి."

"అనేవాణ్ణి."

"అందుకే శుక్రవారం సాయంత్రం దాకా కూర్చుందామనుకున్నా. నువ్వెళ్ళాక ఈ అమ్మాయికి చెప్పి మేకు జరిపించుకుందామని. నువ్వు పో. ఇది ఉన్న సంగతి తెలిసింది, చాలు. ఇప్పుడు మీ తాత లేడు, హోహెపా నోరు నేను మూయిస్తా. ఆదివారం కొండ మీదికి తీసుకెళ్ళి పెడతాను."

"వద్దు."

"ఎందుకు? కోపమా?"

"కోపం కాదు. కోపమే అనుకో. కానీ అది కాదు. డాక్టరమ్మా, వరద ఎంత ఎత్తు వచ్చింది?"

"ఆ కంచె గుంజ మీద గీత ఉంది చూడండి. ఇక్కడికి రెండడుగుల కిందే ఆగింది."

"వంతెన పోయింది. రోడ్డు పోయింది. హోహెపా గొడ్లచావడి పోయింది. ఇది పోలేదు."

"పోలేదు."

"అయితే ఇక్కడే ఉండనీ. పెట్టాల్సిన చోట పెట్టనివ్వలేదు, పెట్టిన చోట ఉండిపోయింది. కొండ మీదికి నేను రాను."

"ఇక్కడ వంతెన కాలు దిగుతుందిరా."

"డాక్టరమ్మా, మేకు ఎంత జరపొచ్చు?"

"నాలుగైదు మీటర్ల దాకా ఇంజనీర్లు పెద్దగా అనరు. కానీ కారణం కావాలి. నా చట్టంలో కారణం లేదు. డెబ్భై ఏడేళ్ళు తక్కువ."

"నేనూ తక్కువేనా చట్టానికి. సరే."

"కానీ తెగ సాక్షి తన గడిలో ఉంది అని రాస్తే సరిపోతుంది. దానికి ఏళ్ళు అక్కర్లేదు."

"లేదు అని రాసి సంతకం పెట్టేశా కదా."

"తవ్వకముందు పెట్టిన సంతకమది. చెల్లదు. ఇదిగో."

"చించేశావే."

"గాలికి చిరిగింది."

"గాలెక్కడిదమ్మాయ్ ఇవాళ?"

"ఉందండీ పెద్దమ్మగారూ, ఇప్పుడే వీచింది. కొత్త కాగితం తీశా. హేనారె గారూ, చదవనా?"

"ఉండు. పెద్దమ్మా, నువ్వు కుర్చీలో కూర్చో. డాక్టరమ్మా, ఆ డబ్బా... నాకివ్వు. ఎట్లా పట్టుకోవాలి?"

"బిడ్డని పట్టుకున్నట్టు."

"నాకు పిల్లల్లేరు."

"ఐస్‌క్రీం పట్టుకున్నట్టు పట్టుకో మరి. దించు. మూత పక్కన పెట్టు. ఇప్పుడు రాళ్ళు. పెద్దది ముందు. అది కాదు, నల్లది. నేను పెట్టిన వరస అది."

"నలభై ఏడేళ్ళ వరస గుర్తుందా నీకు?"

"నిన్న ఏం తిన్నానో గుర్తులేదు. ఇది గుర్తుంది. ఆ, అట్లా. పైన ఏం నాటుదాం?"

"వంకర లేనిది ఏదైనా."

"నీకు వంకరదే నప్పుతుంది. చదువమ్మా అమ్మాయ్, వాడి చేతులు ఖాళీ లేవు, నువ్వు చదివి నువ్వే రాయి."

"పదకొండో గుంత. 'దొరికినవి.' డబ్బా ఒకటి, రాళ్ళు ఏడు."

"రాయి."

"'తెగకు ముఖ్యమైనది ఏదైనా ఉందా?'"

"ఉంది."

"'ఈ చోటుతో సంబంధం ఉన్న మనిషి.' గీత పెట్టనా?"

"పెట్టకు. పేరు మూత మీద ఉంది, చూసి రాసుకో."

"రాశా. 'ఫోన్ నంబరు.' పొద్దున ఇచ్చారుగా, సున్నా నాలుగు, మూడు ఒకటి..."

"అది కాదు డాక్టరమ్మా. పాతది రాయి."